ఆరు కంచు గిన్నెలు, ఒక మొర

పోయిన వారం మనం అల్లుణ్ణి వంటింటి మధ్యలో, పక్కకి పడుకోబెట్టిన నీళ్ళ గంగాళంలో భుజాల దాకా దూరి ఉండగా వదిలి వచ్చాం. ఇప్పుడూ అక్కడే ఉన్నాడు.

కొత్తగా మనతో చేరినవాళ్ళ కోసం జరిగింది క్లుప్తంగా చెప్పుకుందాం. అల్లుడు కంప్యూటర్ మీద పాటలు కడతాడు. వాయిద్యాలన్నీ ఆ పెట్టెలోనే. అత్తగారింటి మేడ మీద గది నిశ్శబ్దంగా ఉంటుందని పెళ్ళయ్యాక భార్యతో అక్కడే కాపురం పెట్టాడు. నిశ్శబ్దం ఆ రోజుతోనే పోయింది. ఫోనుల్లో ఆడుకునే ఆటలు తయారుచేసే ఒక కంపెనీకి అతను మచ్చుకి ఒక బాణీ పంపాడు. బాణీ సంగతి ఎలా ఉన్నా, అందులో వినిపించిన ఒక మోత మీద అక్కడి డైరెక్టర్ మనసు పారేసుకున్నాడు. "కొడితే స్వరం పలుకుతోంది. దాని అడుగున ఎవరో నిద్రపుచ్చుతున్నట్టు వెచ్చగా ఏదో మూలుగు. ఈ మోత అన్ని స్వరాల్లోనూ నాకు కావాలి. శుక్రవారం సాయంత్రానికి పంపితే ఆట మొత్తానికి సంగీతం మీదే" అన్నాడు. పంపలేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. పోతే సంగీతం కట్టిపెట్టి, అత్తగారి దూరపు బంధువుల పెయింట్ల కొట్టులో కూర్చుంటానని అల్లుడు అత్తగారికి మాట ఇచ్చాడు.

చిక్కల్లా ఒక్కటే. ఆ మోత దేన్ని కొడితే వచ్చిందో అతనికే తెలియదు. వాన చప్పుడు పట్టుకుందామని వెనక కిటికీలో మైకు పెట్టి మరిచిపోయిన రోజున అది తనంతట తాను వచ్చి పడింది. ఇవాళ శుక్రవారం.

"లోపల బాగా వినిపిస్తుందా నాయనా?" అని మామగారు గంగాళం బయట నుంచి అడిగారు. ఆయన చేతిలో గోడకి మేకులు కొట్టే సుత్తి ఉంది.

"ఆఁ. కొట్టండి మావయ్యగారూ."

మామగారు కొట్టారు. గంగాళం మోగింది. అల్లుడు అంతకన్నా గట్టిగా మోగాడు.

"అంత గట్టిగానా!"

"కొట్టమన్నావుగా?"

"నేను లోపల ఉన్నానండీ!"

"బయట ఉంటే నీకు సరిగా వినబడదేమోనని."

అల్లుడు చెవులు రుద్దుకుంటూ బయటికి వచ్చాడు. ఇదీ కాదు. నేల మీద పళ్ళేలు, మూతలు, డబ్బాలు, బిందెలు అడుగు పెట్టడానికి చోటు లేకుండా పరుచుకుని ఉన్నాయి. కొట్టి చూసినవాటి మీద పసుపు కాగితం అంటించాడు. వంటింట్లో ఇప్పుడు పసుపు కానిది పొయ్యి ఒక్కటే.

సరిగ్గా అప్పుడే అత్తగారు బంధువుల ఇంటి నుంచి తిరిగి వచ్చారు. కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేసే కూతురు కూడా ఆ పూట సెలవు పెట్టి ఆవిడ వెనకే వచ్చింది. అత్తగారు గుమ్మంలో నిలబడి వంటిల్లంతా ఒకసారి చూశారు.

"ఏమండీ, మనం ఇల్లు మారుతున్నామా?" అని భర్తని అడిగారు.

"లేదే. అల్లుడు మోత కోసం వెతుకుతున్నాడు. నేను సాయం."

"సాయానికి సుత్తి ఎందుకూ?"

మామగారు సుత్తిని వెనక్కి దాచుకున్నారు. కూతురు నవ్వు ఆపుకుంటూ గిన్నెల మధ్య ఖాళీల్లో అడుగులు వేసుకుని భర్త పక్కకి చేరింది. ఆ ఇంట్లో అతని పాట మొదట వినేదీ, బాగుందని చెప్పేదీ ఆమె ఒక్కతే.

అత్తగారు అల్లుడితో ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడతారు. ఇప్పుడు కూడా గొంతు పెంచలేదు. "బాబూ, ఈ రోజుల్లో కొనుక్కుందామంటే దొరకనిది లేదు గదా. మోతలు అమ్మరా?"

"అమ్ముతారు అత్తయ్యగారూ. వేలకి వేలు అమ్ముతారు. చెక్క పలకల మీద కొట్టేవి, ఇనప రేకుల మీద కొట్టేవి, అన్నీ నా దగ్గర ఉన్నాయి. కాకపోతే అవే అందరి దగ్గరా ఉన్నాయి. సబ్బు ప్రకటనలో అదే, బ్యాంకుకి ఫోన్ చేస్తే 'ఆగండి' అని వినిపించేదీ అదే. పైగా ఎన్నిసార్లు కొట్టినా ఒకే దెబ్బ, ప్లాస్టిక్ పువ్వుల్లాగా. మనిషి కొడితే రెండో దెబ్బ మొదటి దెబ్బలా ఉండదు."

"మనిషి కొడితే రెండో దెబ్బకి ఎదుటివాడు ఉండడు" అన్నారు మామగారు.

"మరి మీ దగ్గర ఉన్న ఆ ఒక్క మోతనే సాగదీసి, కుదించి, అన్ని స్వరాలూ చేసుకోకూడదూ?" అని కూతురు అడిగింది.

"పక్క స్వరం, అంటే పక్కింటి దాకా సాగుతుంది. ఊరి బయటికి తీసుకెళితే చెడుతుంది. పైకి లాగితే దోమ, కిందికి లాగితే గేదె. అసలు వస్తువు దొరకాలి. ఇంత లావు మోత అంటే చాలా పెద్ద పాత్ర అయి ఉండాలి."

"ఏదీ, నన్నూ విననివ్వండి. ఇల్లు నాది. గిన్నె గొంతు నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నారు అత్తగారు.

అల్లుడు కంప్యూటర్ కిందికి తెచ్చి, గట్టు మీద పెట్టి వినిపించాడు. ఠంమ్ అని లోతుగా, నిండుగా ఒక మోత. దాని కింద గుహలోంచి వస్తున్నట్టు మెల్లటి మూలుగు. నిజంగానే బాగుంది. అత్తగారు కూడా ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. "ఇది మన ఇంటిది కాదు" అని తేల్చి చెప్పారు.

మామగారు మాత్రం తల ఒక పక్కకి వాల్చి ఇంకోసారి పెట్టమన్నారు. విని, "నాకు తెలియక అడుగుతాను నాయనా, ఇది మన పాత టేప్ రికార్డర్‌లో బ్యాటరీలు అయిపోయినప్పుడు సాగినట్టు సాగడం లేదూ?" అన్నారు.

అల్లుడు తల పట్టుకుని గంగాళం మీద కూలబడ్డాడు. తల పట్టుకుని గంగాళం మీద కూలబడ్డాడు. అదీ మోగింది గానీ ఎవరూ పట్టించుకోలేదు.

అతనికో అలవాటు ఉంది. కొత్త చప్పుడు ఏది చేతికి వచ్చినా ముందు దాని వేగం బాగా తగ్గించి వింటాడు. బట్ట కొనేవాళ్ళు కొంగు వెలుతురుకి పట్టి నేత చూసినట్టు, చప్పుడు లోపల ఏముందో అలా చూస్తాడు. ఈ మోతనీ అలాగే తగ్గించాడు. బాగుందని అలాగే బాణీలో పెట్టేశాడు. తగ్గించిన సంగతి మరిచిపోయాడు. వేగం తగ్గితే గొంతూ దిగుతుంది. చిన్న వస్తువు పెద్దదిలా పలుకుతుంది. చెంబంత లేనిదాని కోసం మామా అల్లుళ్ళు పొద్దున్నుంచి గంగాళాలు కొడుతున్నారు!

"అంటే చిన్న గిన్నెన్నమాట!" అంది కూతురు. "అసలు వేగంలో పెట్టండి, ఏదో తెలిసిపోతుంది."

అల్లుడు వేగం మామూలుకి తెచ్చి మీట నొక్కాడు.

ఠంమ్ కాస్తా టింగ్ అయింది. గుహలోని మూలుగు పైకి లేచి, పలచబడి, మనిషి గొంతు అయింది. ఆ గొంతు ఇలా అంది:

"...మేడలూ మిద్దెలూ అడగడం లేదు తండ్రీ. మా టింగుటింగు అబ్బాయికి ఆ పెట్టె ముందు నుంచి లేచే బుద్ధి ఇయ్యి. (టింగ్) పెయింట్ల కొట్టులో కుర్చీ ఖాళీగా ఉంది. (టింగ్) అందులో కూర్చోబెట్టే భారం నీది..."

ఇంకెవరి గొంతు? అత్తగారిదే.

మామగారు సుత్తి పిడిని జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"టింగుటింగు ఎవరు?" అని అల్లుడు అడిగాడు.

అత్తగారి మొహం ముందు ఎర్రబడింది, తరవాత వాడింది. అల్లుణ్ణి 'మీరు' అని తప్ప పిలవని మనిషి. కానీ దేవుడి దగ్గర మర్యాదలు వేరు. అక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పుకోకపోతే ఇంకెక్కడ చెప్పుకుంటాం?

ఆవిడకి రోజూ ఒక పని ఉంది. దేవుడి ముందు నీళ్ళు పెట్టే ఆరు కంచు గిన్నెలు, ఒకదానిలో ఒకటి ఇమిడేవి, వెనక కుళాయి దగ్గర తనే కడుగుతారు. గుడ్డతో తుడిస్తే నూగు అంటుకుంటుందని, ఒక్కో గిన్నెనీ ఎడమ చేతి వేళ్ళ కొసల మీద నిలబెట్టి, పక్కన చెక్క గరిటెతో చిన్న దెబ్బ వేస్తారు. మిగిలిన నీటి చుక్కలు ఎగిరిపోతాయి. కడుగుతున్నంత సేపూ దేవుడితో మాట్లాడతారు. ఒక్కో మాట చివర ఒక్కో దెబ్బ. ఆ కుళాయికి పైనే మేడ గది కిటికీ.

"మొరపెట్టుకునే మాట బాబూ అది. దాన్ని పట్టుకుని, సాగదీసి, ఫోనులో ఆటకి అమ్ముతారా?" ఆవిడ గొంతు ఇప్పుడు పెరిగింది.

"తెలియక జరిగింది అత్తయ్యగారూ."

"నా ప్రార్థన మీద డప్పులు కూడా వేశారు!"

"డప్పులు కాదండీ, బేస్."

"ఏదైతేనేం! దేవుడికి చేరవలసింది మధ్యలో మీ పెట్టెలో దిగిపోయింది."

ఇక గిన్నెలు అడగడం ఎలా? అడగకపోతే సాయంత్రం గడిచిపోతుంది. అల్లుడు చేతులు కట్టుకుని అడిగాడు. ఆవిడ వినకుండానే తల అడ్డంగా ఊపారు. "దేవుడి గిన్నెలు. మీ ఆటలో దయ్యాలు దూకడానికి ఇవ్వను."

"దయ్యాలు లేవండీ. పిల్లి ఉంటుంది. మబ్బుల మీద నడుస్తుంది."

"ఎక్కడికి నడుస్తుంది?"

"ఇంటికి. దారి తప్పిపోయింది పాపం."

పిల్లి సంగతి అత్తగారు ఊహించలేదు.

మామగారు సందు చూసుకుని మెల్లగా అన్నారు. "గిన్నె దేవుడిదే, ఒప్పుకున్నాను. అందులో నీళ్ళూ దేవుడివే. దులిపినప్పుడు వచ్చే మోత ఎవరిది అంటావ్?"

"మీరు ఆ సుత్తి కింద పెట్టి మాట్లాడండి."

సుత్తి కింద పెట్టారు. ఆవిడ ముక్కాలి పీట మీద కూర్చుని ఆలోచనలో పడ్డారు. అల్లుణ్ణి పెట్టె ముందు నుంచి లేపమని తను ఇన్నాళ్ళూ అడిగింది. ఆ అడగడమే ఇప్పుడు అతన్ని పెట్టె ముందు స్థిరంగా కూర్చోబెట్టేలా ఉంది. దేవుడు సరిగా వినలేదా? లేక వినే ఇలా చేశాడా? తను అడిగింది అతను బాగుపడాలని. ఎలా బాగుపడాలో కూడా తనే చెప్పడం అతి అయిందేమో! ఇలాంటివి ఆవిడే కాదు, ఎవరూ తేల్చి చెప్పలేరు.

చివరికి లేచారు. "కడుగుతాను. కానీ నేను కడిగే పద్ధతిలోనే. నేను చెప్పుకునేది చెప్పుకుంటాను. మైకు ఉందని నటించను."

"అమ్మా, ఈ ఒక్క పూటకి ఆయనకి మంచి జరగాలని మొక్కుకోవే" అంది కూతురు.

"రోజూ మొక్కుకునేది అదే కదే!"

మైకు కుళాయి దగ్గరికి వచ్చింది. ఫ్రిజ్ ఆపారు, ఫ్యాన్లు ఆపారు. మామగారికి వీధి గుమ్మం దగ్గర నిలబడి, వచ్చే బండివాళ్ళకి దణ్ణం పెట్టి హారన్ కొట్టవద్దని సైగ చేసే పని అప్పగించారు. ఆయన గడియారం చప్పుడు కూడా మైకుకి వినిపిస్తోందంటే, దాన్ని చేతి నుంచి తీసి, సాయానికి కట్టుబడి, బియ్యం డబ్బాలో పెట్టి వెళ్ళారు.

ముందు మాట లేకుండా కొట్టి చూడమని అల్లుడు బతిమాలాడు. అత్తగారు పెదవులు బిగించి కొట్టారు. మోత తడిసిన అట్టలా వచ్చింది. మళ్ళీ కొట్టారు. గరిటె జారి గిన్నె అంచుకి తగిలింది.

"మాట చివర కొట్టడమే నా చేతికి అలవాటు బాబూ. మాట లేకపోతే అది ఎక్కడ పడాలో దానికే తెలియడం లేదు."

"సరేనండీ. మాట్లాడుతూనే కానివ్వండి. ఒక్కో గిన్నెకి మూడు దెబ్బలు కావాలి. మెత్తనిది, మధ్యరకం, గట్టిది."

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. మెత్తటి దెబ్బలకి తన మోకాళ్ళ నొప్పి చెప్పుకున్నారు. మధ్యరకం దెబ్బలకి భర్త మతిమరుపు. గట్టి దెబ్బలకి అల్లుడి భవిష్యత్తు. గిన్నెలు ఒకదాన్ని మించి ఒకటి పలికాయి. అల్లుడు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తన బతుకు మార్చమని దేవుడికి చేస్తున్న విన్నపాన్ని తనే జాగ్రత్తగా రికార్డు చేసుకున్నాడు.

"అత్తయ్యగారూ, బ్రహ్మాండంగా వస్తోంది. 'పెయింట్ల కొట్టు' అన్న చోట మాత్రం గొంతు లేస్తోంది. కొంచెం తగ్గించగలరా?"

"అక్కడ నేను గట్టిగానే అడుగుతాను బాబూ."

"అలాగేనండీ."

అన్నిటికన్నా చిన్న గిన్నె దగ్గరికి వచ్చేసరికి వీధిలో మామగారు ఎవరితోనో వాదిస్తున్నట్టు వినిపించింది. కూతురు అటు పరుగెత్తింది. అల్లుడు మైకులో ఆ గోల పడుతుందేమోనని తెర మీద గీతల్నే చూస్తూ కూర్చున్నాడు. అత్తగారు మాత్రం కళ్ళు తెరవలేదు. గొంతు బాగా తగ్గించి ఏదో గొణుక్కున్నారు. టింగ్. ఆ దెబ్బ ముత్యంలా పడింది.

ఎండ ఇంకా వాలకముందే అల్లుడు మేడ మీద గదిలో మోతలన్నీ కోసి, వేగం తగ్గించి, స్వరానికి స్వరం సరిచూసి పంపించేశాడు. గిన్నెల మధ్య మిగిలిన ఖాళీలని పక్కింటి దాకా సాగదీసి నింపాడు. గోళ్ళు కొరుక్కోవడం పూర్తి కాకముందే డైరెక్టర్ ఫోన్ చేశాడు.

"ఎక్కడ కొన్నారండీ వీటిని?"

"కొనలేదండీ. ఇంట్లోవే."

"ఆట మీదే. అందరితోనూ చెప్పేశాను. ఒకే ఒక్క కోరిక. చివరి గిన్నె ఉంది చూశారూ, దెబ్బకి ముందు ఆ మూలుగు మొదలవుతోంది, అబ్బ, ఒళ్ళు జలదరించింది. ఆట తెరవగానే వినిపించేది అదే. కాకపోతే మధ్యలో నుంచి మొదలైనట్టుంది. ఇంకొంచెం ముందు నుంచి కోసి పంపండి. చీకటి పడేలోగా వస్తే చాలు."

ఫోన్ పెట్టేశాక అల్లుడు కాసేపు కుర్చీలో ఊరికే గిరగిరా తిరిగాడు. తరవాత, ఎక్కడి నుంచి కోయాలో తెలియడం కోసం, చివరి గిన్నె అసలు రికార్డుని మామూలు వేగంలో మొదటి నుంచి విన్నాడు.

హెడ్‌ఫోన్లలో అత్తగారి గొణుగుడు చెవి పక్కన కూర్చుని చెప్పినంత స్పష్టంగా వినిపించింది.

"...ఇంకొక్క మాట తండ్రీ. మా అమ్మాయి తనే వెళ్ళి పెయింట్ల కొట్టువాళ్ళతో మాట్లాడి వచ్చింది. సోమవారం నుంచి అబ్బాయి వస్తాడని మాట కూడా ఇచ్చేసింది. అబ్బాయికి చెప్పవద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. నా నోట్లో ఏదీ ఆగదని నీకు తెలియంది కాదు. ఈ ఒక్కటీ జారిపోకుండా చూడు."

టింగ్.

అతను మళ్ళీ విన్నాడు. మాటలు మారలేదు. ఇందాక అత్తగారు మొక్కుకుంటే అతనికి నవ్వు వచ్చింది. ఆవిడ ముందు నుంచీ అదే మాట మీద ఉన్నారు. కానీ బాణీ కట్టిన ప్రతిసారీ తలుపు దగ్గర నిలబడి మొదట వినే మనిషి, బాగుందని అనే ఒకే ఒక్క మనిషి...

మెట్ల మీద అడుగుల చప్పుడు. తలుపు తోసుకుని భార్య వచ్చింది. ఆయాసపడుతోంది, కళ్ళు మెరుస్తున్నాయి.

"ఫోన్ మాటలు కింద దాకా వినిపించాయి! ఒప్పుకున్నారా? నిజంగా? నేను చెప్పలేదూ, నాకు ముందు నుంచీ తెలుసు!"

"నీకు ముందు నుంచీ తెలుసా?"

"మరి? ఏంటండీ, మొహం అలా పెట్టారు? ఇంత మంచి వార్తకి నవ్వరే?"

"చివరి గిన్నె కొంచెం సరిచేయాలి."

"అదేనా మొదట వినిపించేది? ఏదీ, నాకు కావాలి, నేనే మొదట వినాలి." ఆమె అతని తల మీద నుంచి హెడ్‌ఫోన్లు తీసి తను పెట్టుకుంది. స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది. "ఆ గుహలో మూలుగు వద్దు. అమ్మ మన కోసం ఏం మొక్కుకుందో తెలియాలి. మామూలు వేగంలో పెట్టండి."

అతను ఆమె మొహంలోకి చూశాడు. అందులో సంతోషం తప్ప ఏమీ కనిపించలేదు. అదే అతనికి అర్థం కాలేదు.

తెర మీద రెండు మీటలు ఉన్నాయి. మెల్లగా పెడితే అది సంగీతం. ఉన్నది ఉన్నట్టు పెడితే సంసారం.

"పెట్టండి మరి!" అని ఆమె అతని భుజం తట్టింది.

అల్లుడు మీట నొక్కాడు. ఏ మీటో వచ్చే వారం.